ఓబులాచారి వేడిగాలి బేరం

నా అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది కొనడానికి రారు, ముట్టుకోవడానికి వస్తారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధి వెనక సందులో ఇన్నేళ్ళుగా రేడియో సామాన్లు అమ్ముతున్నవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుంది. ఒకడు కెపాసిటర్ తీసి వెలుతురుకు పట్టి చూస్తాడు, మళ్ళీ డబ్బాలో పడేసి పోతాడు. ఇంకొకడు రిమోట్ బటన్లన్నీ నొక్కి, మా ఇంట్లో దానికి ఇది పనికిరాదులే అంటాడు. మావాళ్ళంతా బియ్యం, పప్పులు, గుడ్డలు అమ్ముకుని నింపాదిగా బతుకుతుంటే, రామసుబ్బయ్య అనే నేనొక్కణ్ణే ఈ వైర్ల వ్యాపారంలో పడి, వచ్చినవాళ్ళ మీద కేకలేసి నోరు చెడగొట్టుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ముట్టుకునేవాళ్ళలో నేను పిలిచి స్టూలు వేసింది ఒక్క ఓబులాచారికే. వేయకపోయినా ఆయన కూర్చునేవాడనుకోండి.

ఆయన కంసాలి. మాటీలు చేయడంలో పేరున్నవాడు. బరువైన కమ్మలు చెవిని కిందికి లాగకుండా, చెవి మీదుగా తీసుకుపోయి జడలో గుచ్చుకునే గొలుసే మాటీ. ఓబులాచారి చేసిన మాటీ పెట్టుకుంటే చెవికి బరువే తెలియదని ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. కానీ రెండువేల సంవత్సరం దాటాక బంగారు అంగళ్ళలోకి మిషన్ నగలు వచ్చిపడ్డాయి. ఆచారి పీట మీదికి తెగిన కొక్కేలు, వంగిన దుద్దులు తప్ప ఏమీ రాకుండా పోయింది. చేతిలో పని లేని పనివాడు తాగుతాడు, లేదంటే ఇంకో పని మీద పిచ్చి పెంచుకుంటాడు. ఆచారి రెండోది ఎంచుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు కడప రేడియో స్టేషన్ పట్టుకునే చిన్న రేడియోలు సరదాగా చేసేవాడట. ఆ సరదాను బయటికి తీసి దుమ్ము దులిపాడు.

ఆయన భార్య ఈశ్వరమ్మ. పిల్లల్లేరు. ఆయన కుంపటి ముందు పని చేస్తుంటే ఎదురుగా చాప మీద కూర్చుని నల్లపూసలు గుచ్చేది. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆచారిది మరీ సన్నని గొంతు. చిన్నప్పటి నుంచి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని పెరిగినవాడు కదా, ఊపిరిని పొదుపుగా వాడేవాడు. ఆయన గొణిగేవాడు, ఆమె పకపకా నవ్వేది. వీధిలో పోయేవాళ్ళకు నవ్వొక్కటే వినబడేది.

ఆ ఈశ్వరమ్మకు చెవుడు వచ్చింది. మొదట పాలవాడి కేక అందలేదు. తర్వాత కుక్కర్ కూత అందలేదు. ఆ తర్వాత మొగుడి మాట అందకుండా పోయింది. ఆచారి గొంతు పెంచి అరవడం నేర్చుకోబోయాడు. అరిస్తే దగ్గు వచ్చేది. అరిచిన మాట వీధంతా వినేది. ఒకరోజు ఏదో చిన్న మాట అరిచి చెబితే ఎదురింటి అరుగు మీదున్నవాళ్ళు కిసుక్కున నవ్వారట. ఆ సంగతి నా అంగట్లో స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"మొగుడూ పెండ్లాం మాట్లాడుకుండేది వీధికి దండోరా వేసినట్ల అయిపాయె శెట్టీ. అందుకే ఇద్దరం మాట్లాడుకోవడం మానేస్తిమి" అన్నాడు.

ఆ తర్వాత నేను ఒకసారి వాళ్ళింటికి పోయాను. ఆకురాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె తల వంచుకుని పూసలు గుచ్చుతోంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం చూసి చెప్పులు విడవకుండానే తిరిగి వచ్చేశాను.

ఆచారి ఊరుకోలేదు. నా దగ్గర మైకు, ఇయర్‌ఫోన్, నాలుగు ట్రాన్సిస్టర్లు తీసుకుపోయి సబ్బుపెట్టెలో ఒక వినికిడి మిషన్ చేశాడు. పెట్టె రవికెకు తగిలించుకోవాలి, వైరు చెవి దాకా పోతుంది. అది పెట్టిన మొదటి రోజు ఈశ్వరమ్మ చేసిన ఫిర్యాదు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

"ఏమబ్బా, నువ్వు ఆకురాయి పట్టేటప్పుడు ముక్కుతో ఏందో పాడుతాండావే. ఇన్నేండ్లు ఇంత అన్యాయంగా పాడినావా?"

ఆచారి ఇక ఆ రోజు పని చేయలేదు. మళ్ళీ ఆ ఇంట్లోంచి నవ్వులు వినబడ్డాయి. కథ అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాను.

బంధువుల ఇంట్లో ఒక సీమంతానికి ఈశ్వరమ్మ ఆ పెట్టె తగిలించుకునే పోయింది. అక్కడ ఎవరో ఆడపడుచు, "వదినా, ఏ స్టేషన్ పెట్టుకున్యావు? మాగ్గూడ రెండు పాటలు వినిపించు" అందట. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ పెట్టెను గడప దాటించడం మానేసింది. ఇంట్లో ఉన్నప్పుడే తగిలించుకునేది.

ఆచారికి అది గుండెలో గుచ్చుకుంది. పెండ్లాం నలుగురిలో నవ్వులపాలయింది, అదీ తన చేతి పని వల్ల. "కనపడకుండా చేస్తా శెట్టీ. మాటీలో పెట్టేస్తా. చెవి ఎనక మామిడిపిందె మాదిరి వెండి డబ్బీ, బంగారు పూత. బరువు మాటీ మోస్తాది. సూసినోళ్ళు నగ అనుకోవల్ల" అన్నాడు. విన్నప్పుడు నేను కూడా భేష్ అన్నాను. అది కంసాలికి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన.

ఆ రోజుల్లోనే నేను సరుకు కోసం కర్నూలు పోతుంటే వాళ్ళిద్దరూ నాతో బస్సెక్కారు, చెవి డాక్టరుకు చూపించుకోవడానికి. డాక్టరు నెమ్మదైన మనిషి. పరీక్షలన్నీ చేసి, "చెవిలో నరం ఎండిపోతోందమ్మా. మిగిలిన వినికిడి ఎంతకాలం ఉంటుందో నేను చెప్పలేను. ఉన్నన్నాళ్ళు వాడుకోండి. ఏదో ఒక మిషన్ చెవికి ఎప్పుడూ ఉండనీండి" అన్నాడు. రెడీమేడు మిషన్లు దొరికే చోటు కూడా చెప్పాడు.

తిరుగు బస్సులో నంద్యాల దాటాక ఈశ్వరమ్మ నా వైపు వంగింది. "అన్నా, కొనేది నాకొద్దు. ఈయన చేస్తానంటాండాడు గదా. ఈయన చేసిందే పెట్టుకుంటా" అంది. ఆచారి కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాడు గానీ మొహం వెలిగిపోయింది.

"ఓబులన్నా, ముందు కొన్నది పెట్టుకోనీ. నీది నింపాదిగా చేద్దువు" అన్నాను.

"ఎందుకప్పా తొందర? నిదానమే ప్రధానమన్యారు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు."

ఆయన నవ్వి నా తొడ మీద చెయ్యేసి తట్టాడు. సామెతకు సామెత చెల్లు అనుకున్నాడు.

ఇక పనిముట్ల వేట మొదలైంది. సబ్బుపెట్టె మిషన్‌లో మైకు, ఇయర్‌ఫోన్ తప్ప మిగతా భాగాలు పెద్దవి. మామిడిపిందెలో ఇమిడేవి వేరు. పాత సెల్‌ఫోన్లలో ఉండేటటువంటివి, ఒక్కొక్కటి చీమ తలకాయంత. చిప్పు కాళ్ళు సర్క్యూట్ పలక మీద అంటుకుపోయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా అంటించలేం. అన్నింటినీ ఒకేసారి వేడిగాలితో కాచి, టంకం కరిగిన క్షణంలో దించాలి, అలాగే పెట్టాలి. దానికి సన్నమొన సోల్డరింగ్ ఐరన్ ఒకటి, హాట్ ఎయిర్ మిషన్ ఒకటి కావాలి.

ఐరన్ ఇచ్చాను. రెండు రోజుల్లో తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీది నకిలీ సరుకు శెట్టీ. మొనకు టంకం అంటుకోలేదు."

చూస్తే మొన తళతళా మెరుస్తోంది. ఆకురాయి పట్టి సూదిలాగా నూరేశాడు. కంసాలి చేతికి ఏ పనిముట్టు వచ్చినా మొదట చేసే పని అదే, తన చేతికి తగ్గట్టు నూరుకోవడం. కానీ ఈ మొనలకు పైన ఒక పూత ఉంటుంది, టంకాన్ని పట్టేది ఆ పూతే. అది పోతే మొన చచ్చినట్టే.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. పూతంతా నువ్వే గీకేసి నా సరుకును అంటావా?" అని కేకలేశాను. ఆయనకు కోపం రాలేదు. "పూత వేసిన పనిముట్టు ఏం పనిముట్టప్పా" అని జాలిపడ్డాడు, నా మీద. చివరికి వేడి పెంచి తగ్గించుకునే మీట ఉన్న ఐరన్ ఒకటి ఒప్పుకున్నాడు. దానికి మాత్రం ఆకురాయి పట్టలేదు.

వేడిగాలి దగ్గర అసలు తంటా వచ్చింది. మొదట మిషనే అక్కర్లేదన్నాడు. ఊదుగొట్టం ఉంది కదా అన్నాడు. పాడైన ఫోను పలక ఒకటి తీసుకుపోయి కుంపటి ముందు కూర్చుని ఊదాడు. పలక ఉబ్బి పొక్కులు లేచి పొగ వచ్చింది. బంగారం ఎంత కాల్చినా పొగ రాదు. ఆ పొగ చూసి ఆచారి బెదిరాడు, మిషన్ తెప్పించమన్నాడు.

మద్రాసు రిచీ స్ట్రీటుకు సరుకు కోసం పోయినప్పుడు పిడిలోనే ఫ్యాను ఉండే రకం తెచ్చాను. ఆచారి దాన్ని వెలిగించి, గాలి మొన ఎదురుగా అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఉన్నాడు. తర్వాత చిన్న భాగాలున్న పలక మీద పట్టాడు. భాగాలు ఎగిరిపోయి నా లెక్కల బల్ల కింద పడ్డాయి.

"ఇది ఊదేది కాదప్పా. తుమ్మేది" అన్నాడు.

వెనక్కి పంపాను. మళ్ళీ పోయినప్పుడు ఇంకో రకం తెచ్చాను. దీంట్లో గాలి పంపు పెట్టెలో ఉంటుంది, గొట్టం గుండా పిడి దాకా వస్తుంది. గాలి మెత్తగానే వచ్చింది. కానీ పంపు అదురుకు గొట్టం అదిరింది, గొట్టంతో పాటు పిడి అదిరింది. మామూలు మనిషికి ఆ అదురు తెలియనే తెలియదు. ఆచారి పిడి పట్టుకుని, "దీనికి వణుకుడు రోగముండాది" అన్నాడు.

"ఆ మాత్రం వణుకు ఏ మిషన్‌కైనా ఉంటుంది ఓబులన్నా. పని కానీ."

"పని అయితే సాలా శెట్టీ? ఇది ఆమె చెవి పక్కన కూసుండేది."

ఈ లోపల ఉగాది పోయింది, వానలు కురవకుండానే వానాకాలం పోయింది. నేను లోపల్లోపల మండిపోతున్నాను. ఒకపక్క డాక్టరు మాట చెవిలో మోగుతోంది. ఇంకోపక్క ఈయన గాలిని పెళ్ళిచూపులు చూస్తున్నాడు. అలా అని నవ్వుకోలేకపోయాను కూడా. ఆయన వంకలన్నీ నిజమైన వంకలే. అదే వచ్చిన చిక్కు. మంచి పనివాడు చెప్పే వంకకు ఎదురు చెప్పలేం.

దసరా ముందు వాళ్ళింటికి పోయేసరికి ఈశ్వరమ్మ రవికెకు పెట్టె లేదు. "యాడమ్మా పెట్టె?" అని సైగ చేసి అడిగాను.

"ఇప్పదీసినాడన్నా. మైకూ, చెవిలో పెట్టుకుండేదీ కొత్తదాంట్లోకి కావల్లంట. ఇంగొక నెల ఓర్చుకో అన్యాడు" అంది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకు తెలియక గట్టిగా అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉన్న పెట్టె విప్పేసి, లేని మాటీ కోసం చెవి మూసేశావా? మైకులు నా అంగట్లో లేవా? బుద్ధుందా నీకు?" అని ఆచారి మీద విరుచుకుపడ్డాను.

ఆయన తల ఎత్తలేదు. "ఆ మైకు ఆమెకు అలవాటయినాది శెట్టీ. నా గొంతు ఆమెకు దాంట్లోనే తెలిసె. కొత్తదాంట్లో నా గొంతు వేరేగా ఉంటే?" అన్నాడు. తర్వాత ఇంకా సన్నగా, "ముందు చేసింది ఉంటే నేను రెండోది చేయను. నా గుణం నాకు తెలుసు" అన్నాడు.

ఇప్పుడు తలచుకుంటే ఈ రెండో మాటే నిజమనిపిస్తుంది. తన నిదానానికి తనే భయపడి, దాన్ని పరుగెత్తించడానికి ఆ పెట్టె విప్పుకున్నాడు. పరుగెత్తలేదు.

మూడో మిషన్ గాలి మెత్తగా ఉంది, అదురు లేదు. లక్క ముక్క మీద గాలి పట్టి చూశాడు ఆచారి. లక్క ఒకవైపే ముందుగా కరిగింది. అంటే గాలి ఒకవైపు ఎక్కువ వేడిగా వస్తోంది. మళ్ళీ వెనక్కి పంపమంటాడని నేను నోటికొచ్చినవి నాలుగు సిద్ధం చేసి పెట్టుకున్నాను. కానీ ఆయన రాగిరేకు తెచ్చి, మిషన్ మూతికి తనే కొత్త ముక్కు చేసి తొడిగాడు. లక్క గుండ్రంగా కరిగింది. పిల్ల కుదిరినట్టు నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ పని మాత్రం చూసి తీరాలి. గాలి పిడి ఎడమచేతిలో, సన్నని పటకారు కుడిచేతిలో. ఊపిరి బిగబట్టి, చిప్పు కింద టంకం మెరవగానే వేలు కదిలించాడో లేదో, చిప్పు తన చోట కూర్చునేది. మైనం మెత్తబరచి ఈశ్వరమ్మ చెవిలో పెట్టి అచ్చు తీశాడు. ఆమెకు చక్కిలిగిలి పుట్టి మెడ వంచుకుంటే, ఆయన గడ్డం పట్టి నిలిపాడు. నేను లేచి వచ్చేశాను. అక్కడ మూడో మనిషికి పని లేదు.

శివరాత్రి నాటికి మాటీ తయారయింది. దేవుడి పటం ముందు పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, ఆచారి తన చేత్తోనే ఆమె చెవికి తగిలించాడు. ఏం అన్నాడో నాకు వినబడలేదు, అంత సన్నగా అన్నాడు. ఆమెకు వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను వాళ్ళింటి ముందు నుంచి పోతూ నడక తగ్గించేవాణ్ణి. ఒకరోజు ఆమె అంగడికి వచ్చి, "బాగుండావా అన్నా" అని మామూలు గొంతుతో పలకరించింది. చెవి వెనక మామిడిపిందె మెరుస్తోంది. చెవుడున్న మనిషని ఎవరూ అనుకోరు. ఇంత ఆలస్యం చేసినా సాధించాడురా అనుకున్నాను. నేను మండిపడ్డదంతా వెనక్కి తీసుకున్నాను.

ఎండలు ముదిరే లోపలే మాటీలోంచి బుస్సుమని చప్పుడు మొదలైంది. తర్వాత అది కూడా ఆగిపోయింది.

ఆచారి దాన్ని గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. మూత తీశాం. లోపలంతా పచ్చగా చిలుము. చిప్పు కాళ్ళను తినేసింది, మైకును తినేసింది, పలక మీది రాగి గీతలను తినేసింది.

నాకు అర్థం కాలేదు. "దేంతో కడిగినావు?" అని అడిగాను.

"దేంతో కడుగుతారప్పా? చింతపండుతో."

ఏ నగైనా సరే, పీట దిగే ముందు చింతపండు నీళ్ళలో ఉడకాలి, కుంకుడుకాయ నురగలో తేలాలి, రంపపు పొట్టులో ఆరాలి. వాళ్ళ తాత అలా చేశాడు, తండ్రి అలా చేశాడు. ఆచారి కూడా పలకను అలాగే కడిగి, పొట్టులో ఆరబెట్టి, ఎండలో కూడా పెట్టాడట. పైన ఆరింది. చిప్పు కింద ఆ పులుపు ఉండిపోయింది. బ్యాటరీ తగలగానే లోపల తినడం మొదలుపెట్టింది. తుడవడానికి నేనిచ్చిన స్పిరిట్ సీసా మూతే తీయలేదు.

"సారా వాసన కొట్టేదాంతో కడిగింది ఇంటి ఆడమనిషికి ఎట్ల పెడతా శెట్టీ? అదీ దేవుని ముందర పెట్టేదాన్ని" అన్నాడు. "పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిపాయెనంట" అని తన మీద తనే అనుకున్నాడు. నవ్వడానికి చూశాడు, కుదరలేదు.

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నేను కూడా చూశాను. నాకూ కుదరలేదు. ఆయన అశ్రద్ధ చేసి ఉంటే తిట్టేవాణ్ణి. ఆయన చేసింది మరీ ఎక్కువ శ్రద్ధ.

ఈసారి నేనే పంతం పట్టాను. కర్నూలుకు మనిషిని పంపి రెడీమేడు మిషన్ తెప్పిస్తానన్నాను. ఈశ్వరమ్మకు సైగలతో, పలక మీద బలపం రాతలతో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈయన మొగం సూడన్నా. ఇప్పుడు నేను కొన్నది పెట్టుకుంటే ఈయన బతికినట్లేనా?" అంది. పక్కనే కూర్చున్న ఆచారికి ఆ మాట వినబడింది. తనకు తప్ప అందరికీ వినబడుతుందని ఆమెకు గుర్తులేదు.

కొత్త పలక, కొత్త చిప్పు మద్రాసు నుంచి రావడం ఆలస్యమైంది. ఆచారి ఈసారి ఏ పనిముట్టుకూ వంక పెట్టలేదు. తెచ్చింది తెచ్చినట్టు తీసుకున్నాడు. అన్నం తినే వేళ కూడా పీట దిగలేదు. స్పిరిట్ సీసా తనే అడిగి తీసుకున్నాడు. అంత తొందర ఆయనలో నేనెప్పుడూ చూడలేదు, చూసి సంతోషించలేకపోయాను కూడా. ఎందుకంటే ఈ లోపల ఈశ్వరమ్మలో మార్పు నాకు తెలుస్తూనే ఉంది. అంతకు ముందు గట్టిగా పిలిస్తే తిరిగి చూసేది. ఇప్పుడు ముందుకు పోయి నిలబడితే తప్ప చూడడం లేదు.

మాటీ రెండోసారి తయారయిన రోజు, గడియారాల్లో వేసే బిళ్ళ బ్యాటరీలు కావాలని కబురు పెడితే నేనే తీసుకుపోయాను. మధ్యాహ్నం. ఈశ్వరమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చాప మీద కూర్చుంది. ఆచారి బ్యాటరీ వేసి, మాటీ తగిలించి, అచ్చు చెవిలో సరిగ్గా కూర్చోబెట్టాడు. మిషన్ బాగా పనిచేస్తోంది. తగిలించే ముందు నేనే నా చెవికి పెట్టుకుని చూశాను, గోడ మీద బల్లి పాకితే కూడా వినబడేటట్టుంది.

"ఈశ్వరీ" అన్నాడు ఎదురుగా కూర్చుని.

ఆమె ఆయన పెదవుల వైపు చూసి నవ్వింది. "ఇనపడతాంది" అంది.

"బాగా ఇనపడతాందా?"

"శానా బాగా ఇనపడతాంది."

ఆచారి మొహంలోకి రంగు వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో రిక్షా మీంచి ఖాళీ గ్యాస్ సిలిండర్ ఒకటి బండల మీద పడింది. నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. ఎదురింటి పసిబిడ్డ ఏడుపు అందుకుంది. ఈశ్వరమ్మ రెప్ప కూడా వేయలేదు. అలాగే నవ్వుతూ మొగుడి పెదవుల వైపు చూస్తోంది.

ఆచారి చూశాడు. నేను చూశానని కూడా చూశాడు.

నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

ఆచారి నింపాదిగా లేచాడు. కుంపటి దగ్గరికి పోయి, మా ఇద్దరికీ వీపు చేసి నిలబడ్డాడు. ఎప్పటి సన్నని గొంతుతోనే, గోడతో చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"తప్పు నాదే ఈశ్వరీ. ఆ సబ్బుపెట్టె అట్లే ఉండనిచ్చింటే ఈ యాడాదంతా మాట్లాడుకుండేవాళ్ళం. ఉన్నది పనిముట్లు ఎంచేదాంట్లోనే పోగొడ్తి. నన్ను మన్నించు."

నా తల ఆయన వైపు తిరగడం ఈశ్వరమ్మ గమనించింది. ఆయన ఏదో అన్నాడని దాన్ని బట్టి తెలుసుకుంది. ఆయన వీపు వైపు చూస్తూ, గొంతు నిండా సంతోషం నింపుకుని అంది.

"ఎంత బాగా ఇనపడతాందబ్బా. ఇప్పుడన్యావే, ఆ మాట ఇంగొకసారి అను."

ఆచారి పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఇటు తిరిగి వచ్చి, ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని, పెదవులు ఆమెకు బాగా కనబడేటట్టు ఒక్కొక్క అక్షరమూ విప్పి, "అన్నం తింటివా?" అని అడిగాడు.

"తింటి" అంది ఈశ్వరమ్మ.